తానిచెట్టు కింద లెక్క

"అత్తా, నేను చేస్తున్నది అచ్చంగా నిష్కామ కర్మే. ఫలం రాదని తెలిసీ చేస్తున్నాను" అన్నాడు మా మేనల్లుడు, సంక్రాంతికి గుంటూరు వచ్చినప్పుడు. వాడు చేస్తున్నదేమిటంటే, హైదరాబాదు ఫ్లాట్‌లో వైఫై రూటర్ పక్కన అరచేతిలో పట్టే సర్క్యూట్ బోర్డు ఒకటి పెట్టి, అడాప్టర్ తగిలించి, స్విచ్ వేసి వదిలేయడం. దాన్ని బిట్‌యాక్స్ అంటారు. నెత్తిన చిన్న ఫ్యాను, ముందు వేలెడంత తెర. అది రాత్రీ పగలూ బిట్‌కాయిన్ కోసం తవ్వుతూ ఉంటుంది. పదిమందితో కలిసి పూల్‌లో కాదు, ఒంటరిగా. సోలో మైనింగ్ అంటే అదే. తగిలితే మొత్తం సొమ్ము వాడిదే, తగలకపోతే కరెంటు బిల్లూ వాడిదే.

నేను డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరయినదాన్ని. మా అక్క రామకోటి రాసే మనిషి. వాడు ఆ మాట అనగానే నేను "హ్యాష్‌రేట్ ఎంత?" అని అడిగాను. అక్క "నీ జాతకం ఎవరికైనా చూపించావురా?" అని అడిగింది. అక్కది అమాయకపు ప్రశ్న అని నేననుకోను. ఎంత అవకాశం ఉంది అన్నది నా ప్రశ్న. ఎవరికి రాసిపెట్టి ఉంది అన్నది ఆవిడది. నా ప్రశ్న కంటే ఆవిడ ప్రశ్న చాలా పాతది, లోతైనది కూడా. కానీ మొదటిదానికి జవాబు చెప్పుకోకుండా రెండోదానిలోకి దూకితే ఏమవుతుందో మహాభారతంలో ఒక కథ ఉంది. అక్కడికి తర్వాత వస్తాను. ముందు లెక్క.

బిట్‌కాయిన్ అంటే అందరి దగ్గరా నకలు ఉండే ఒక చిట్టా. అందులో సుమారు పది నిమిషాలకో కొత్త పేజీ చేరుతుంది. ఆ పేజీ పేరు బ్లాక్. మొట్టమొదటి బ్లాక్ 2009 జనవరి 3న పడింది. పేజీ చేర్చే హక్కు దక్కినవాడికి అప్పట్లో 50 బిట్‌కాయిన్లు వచ్చేవి. 2,10,000 బ్లాకులకోసారి ఆ బహుమతి సగానికి తగ్గుతుంది. 2024 ఏప్రిల్‌లో అది 3.125కు దిగింది. దానికి తోడు ఆ పేజీలోని లావాదేవీల రుసుములు.

ఆ హక్కు కోసం చేయవలసిన పని చూస్తే నవ్వొస్తుంది. 80 బైట్ల శీర్షిక ఒకటి ఉంటుంది. అందులో వెనకటి బ్లాక్ ముద్ర, ఈ బ్లాక్‌లోని లావాదేవీల సారం, సమయం, ఇంకా మనిష్టం వచ్చినట్టు మార్చుకునే ఒక అంకె ఉంటాయి. ఆ అంకెను నాన్స్ అంటారు. ఈ శీర్షికను ఎస్‌హెచ్‌ఏ-256 అనే గణిత యంత్రంలో రెండుసార్లు తిప్పితే ఒక మహా పెద్ద సంఖ్య బయటికొస్తుంది. నెట్‌వర్క్ పెట్టిన హద్దు కంటే అది చిన్నదైతే గెలిచినట్టు. లేదంటే నాన్స్ మార్చి మళ్లీ తిప్పాలి. తెలివికి ఇక్కడ పని లేదు, అనుభవానికి అసలే లేదు. నాన్స్‌కు ఉన్న విలువలు 429 కోట్లు. వాడి బోర్డు వాటన్నిటినీ సెకనులో వెయ్యో వంతులు నాలుగు గడిచేలోపే ముగించి, శీర్షికలో ఇంకేదో మార్చుకుని మళ్లీ మొదలుపెడుతుంది.

ఒక్కో ప్రయత్నం ఒక హ్యాష్. బోర్డు వేగం 1.2 టెరాహ్యాష్‌లు. అంటే సెకనుకు లక్షా ఇరవై వేల కోట్ల ప్రయత్నాలు. వినగానే అక్క గుండె మీద చెయ్యి వేసుకుంది. కానీ అవతల ప్రపంచం మొత్తం మీద తిరుగుతున్న యంత్రాల వేగం 2025లో సెకనుకు ఒక జెట్టాహ్యాష్ దాటింది. అంటే 1 పక్కన 21 సున్నాలు. అవి రెండూ భాగిస్తే, ఒక్కో బ్లాక్‌కు వాడి అవకాశం 83 కోట్లలో ఒకటి. ఏడాదికి 52,560 బ్లాకులు. కాబట్టి ఏడాది పొడుగునా నడిపితే దాదాపు పదహారు వేలలో ఒకటి. ఇంకోలా చెప్పాలంటే, సగటున పదహారు వేల ఏళ్లు ఎదురుచూడాలి. అంతకాలం కింద మన దేశంలో వ్యవసాయమే లేదు. అన్నాళ్లూ ఆగినవాళ్లు వందమంది ఉన్నారనుకోండి, వాళ్లలో 37 మంది అప్పటికీ ఉత్తచేతులతోనే ఉంటారు. సగటు అన్న మాట హామీ కాదని ప్రతి ఏడూ ఫస్టియర్ పిల్లలకు చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది.

డబ్బు సంగతి. బిట్‌కాయిన్ ధర రోజుకో తీరుగా ఉంటుంది కాబట్టి లెక్క కోసం 80 లక్షలు వేసుకుందాం. బ్లాక్ తగిలితే రెండున్నర కోట్లు. దాన్ని సంభావ్యతతో గుణిస్తే ఏడాదికి 1,580 రూపాయలు, రోజుకు నాలుగు రూపాయల చిల్లర. బోర్డు తినే కరెంటు 18 వాట్లు. ఏడాదికి 158 యూనిట్లు. యూనిట్‌కు 8 రూపాయలు వేసుకుంటే 1,260 రూపాయలు. "చూశావా అత్తా, లాభమే!" అన్నాడు. లాభమే, పన్ను లేకపోతే. 2022 ఏప్రిల్ నుంచి మన దేశంలో క్రిప్టో లాభాల మీద 30 శాతం పన్ను. తవ్వకం యంత్రాల ఖర్చును కొనుగోలు ధర కింద చూపించి తగ్గించుకోనివ్వరు. రెండున్నర కోట్ల మీద సర్‌ఛార్జీ, సెస్సు కూడా పడతాయి. మూడో వంతుకు పైనే పోతుంది. మిగిలేది దాదాపు వెయ్యి రూపాయలు, కరెంటుకు పెట్టేది 1,260. బోర్డు ఖరీదు ఇంకా లెక్కలోకి రానేలేదు. పైగా 2028లో బహుమతి మళ్లీ సగమవుతుంది.

పూల్‌లో చేరినా సగటు రాబడి అంతే. 2010లో ప్రాగ్ నగరంలో మొదటి పూల్ మొదలైనప్పటి నుంచీ ఆ ఏర్పాటు సారం ఒకటే: అందరూ కలిసి తవ్వుకుని, ఎవరు ఎంత తిప్పారో దాని ప్రకారం పంచుకోవడం. పూల్‌లో రోజుకు నాలుగు రూపాయలు ఖాయం. ఒంటరిగా అయితే పదహారు వేల ఏళ్లు సున్నా, ఒక్క రోజు రెండున్నర కోట్లు. గణితం రెంటినీ సమానమనే అంటుంది. మనసు ఒప్పుకోదు. నాలుగు రూపాయల కోసం ఎవడూ బోర్డు కొనడు, రెండున్నర కోట్ల కోసమైతే కొంటాడు.

ఇంకో సంగతి నన్ను ఇప్పటికీ ఆలోచింపజేస్తుంది. ప్రతి 2016 బ్లాకులకోసారి నెట్‌వర్క్ తనంతట తానే కష్టం స్థాయిని సరిచేసుకుంటుంది. యంత్రాలు రెట్టింపయితే హద్దు ఇంకా కిందికి జరుగుతుంది. బ్లాకులు మాత్రం పది నిమిషాలకొకటే. లోకమంతా కలిసి రెట్టింపు శ్రమ పడినా ఫలం గింజంత కూడా పెరగదు. పొలంలో అలా జరగదు, బడిలో జరగదు, వంటింట్లో జరగదు. కష్టేఫలి అని పెరిగిన మనకు ఇది మింగుడుపడని ఏర్పాటు.

ఇప్పుడు వాడన్న నిష్కామ కర్మ దగ్గరికి రావాలి.

మా అక్క రామకోటి పుస్తకాలు మీరు చూసే ఉంటారు, అలాంటివే, గళ్లు గళ్లుగా ఉంటాయి. ఒక్కో గడిలో ఎర్ర సిరాతో శ్రీరామ. సాయంత్రానికి వేళ్ల కణుపులు నొప్పి పుట్టి చివరి వరసలు కుడివైపుకు ఒరుగుతాయి. పేజీ అంచున తేదీ వేస్తుంది. రోజుకు వెయ్యి చొప్పున విడవకుండా రాసినా కోటికి 27 ఏళ్లు పడుతుంది. పూర్తయితే భద్రాచలం పంపాలని ఆవిడ కోరిక. వాడి బోర్డు కోటి ప్రయత్నాలను సెకనులో లక్షో వంతు పూర్తికాకముందే ముగిస్తుంది. "నా 27 ఏళ్లూ దానికి రెప్పపాటు కూడా కాదా!" అని అక్క ఆశ్చర్యపోయింది. వేగం సంగతి వదిలేద్దాం. అసలు తేడా ఇంకోచోట ఉంది. రామకోటిలో నిన్న రాసినది ఇవాళ్టికి మిగిలి ఉంటుంది. ఇవాళ వెయ్యిన్నొకటో నామం వెయ్యో నామం తర్వాతే వస్తుంది. కర్మ సిద్ధాంతం ప్రాణమంతా ఈ కూడికలోనే ఉంది. మీమాంసకులు యజ్ఞానికీ స్వర్గానికీ మధ్య అపూర్వం అనే కనపడని శక్తిని ఊహించింది కూడా అందుకే. చేసిన పని ముగిసిపోయాక కూడా దాని బలం ఎక్కడో నిలవాలి కదా, ఫలం వచ్చేదాకా.

హ్యాష్‌లో ఏదీ నిలవదు. నిన్నటి కోట్లానుకోట్ల ఓటములు ఇవాళ్టి గెలుపును ఒక్క వెంట్రుక కూడా దగ్గరికి తేవు. ఏళ్లుగా నడుస్తున్న బోర్డుకూ ఇప్పుడే స్విచ్ వేసిన బోర్డుకూ వచ్చే పది నిమిషాల్లో ఉన్న అవకాశం అచ్చంగా ఒకటే. గణితంలో దీన్ని జ్ఞాపకం లేని ప్రక్రియ అంటాం.

ఈ సంగతి వాడికి చెబితే "తెలుసులే అత్తా" అన్నాడు. కానీ తెలిసినవాడి తీరు అలా ఉండదు. బోర్డు తెర మీద బెస్ట్ డిఫ్ అని ఒక అంకె ఉంటుంది. ఇప్పటిదాకా వచ్చిన ఫలితాల్లో హద్దుకు అన్నిటికంటే దగ్గరగా వెళ్లినది ఎంత దగ్గరగా వెళ్లిందో చెప్పే అంకె. ఒక రాత్రి అది 6.1 జి అయిందని ఫోటో తీసి పంపాడు, పరీక్షలో ర్యాంకు వచ్చినట్టు. జి అంటే వంద కోట్లు. బ్లాక్ తగలాలంటే కావలసింది 140 లక్షల కోట్లు. 610 కోట్లు వచ్చింది, ఇరవై వేల రెట్లకు పైన ఇంకా రావాలి. అదైనా పరవాలేదు. ఆ 6.1 జి మెట్టు కాదు కదా, దాని మీద కాలు పెట్టి పైకెక్కడానికి! తర్వాతి హ్యాష్ మళ్లీ సున్నా నుంచే. కూడిక లేనిచోట కూడిక ఉన్నట్టు చూపించే అంకె అది. జూదం నడిపేవాళ్లందరికీ ఆ విద్య తెలుసు. ఈ బోర్డు తయారు చేసినవాళ్లకు ఆ ఉద్దేశం లేకపోవచ్చు, కానీ ఆ అంకె వల్ల జరిగే పని అదే.

నిష్కామం అనడానికి నేను పెట్టిన పరీక్ష ఒకటే. "రేపటి నుంచి బహుమతి సున్నా అంటే ప్లగ్ పీకుతావా, ఉంచుతావా?" కాసేపు ఆలోచించి "ఉంచుతాను" అన్నాడు. పెద్ద పూల్‌లు నాలుగైదు కలిసి నెట్‌వర్క్‌ను గుప్పిట్లో పెట్టుకునే ప్రమాదం ఉంది, చిన్నవాళ్లు ఒంటరిగా తవ్వడమే దానికి విరుగుడు అన్నాడు. ఇది మంచి కారణం. వందకోట్లలో ఒక వంతు విరుగుడే అయినా, ఒక ఓటు విలువ కూడా దాదాపు అంతే కదా, అయినా వెళ్లి వేస్తాం. దీన్ని నేను కొట్టిపారేయను. కానీ ఆ కారణంతోనే నడిపేవాడు రాత్రి పన్నెండింటికి లేచి బెస్ట్ డిఫ్ చూసుకోనక్కర్లేదు. గీత చెప్పిన నిష్కామంలో పని మనది, ఫలం మనది కాదు. వాడి విషయంలో పని బోర్డుది, ఫలాపేక్ష మాత్రం వాడిది.

ఇక కథ. అరణ్యపర్వంలో బృహదశ్వుడు ధర్మరాజుకు నలోపాఖ్యానం చెబుతాడు. శ్రీనాథుడి శృంగార నైషధం చదివినవాళ్లకు నలుడంటే హంస, దమయంతి, స్వయంవరం. జూదమూ అడవీ ఆ కావ్యంలోకి రావు. వాటికి నన్నయ దగ్గరికే వెళ్లాలి. కలి ఆవహించిన నలుడు పుష్కరుడితో పాచికలాడి రాజ్యం పోగొట్టుకుంటాడు. భార్యను అడవిలో వదిలేస్తాడు. కర్కోటకుడి కాటుకు రూపం మారి, బాహుకుడనే పేరుతో అయోధ్యలో ఋతుపర్ణుడి దగ్గర సారథిగా చేరతాడు. ఒకరోజు ఇద్దరూ రథం మీద విదర్భకు పోతుంటే దారిలో ఒక తానిచెట్టు కనిపిస్తుంది. త్రిఫల చూర్ణంలో కరక్కాయ, ఉసిరికాయతో కలిపే తానికాయ ఉందే, ఆ చెట్టే. సంస్కృతంలో విభీతకం. వేదకాలంలో జూదానికి వాడిన పాచికలు ఆ కాయలే. ఋగ్వేదం పదో మండలంలో జూదరి గోడు వెళ్లబోసుకునే సూక్తంలోని పాచికలు కూడా ఇవే.

ఋతుపర్ణుడు రథం దిగకుండానే ఆ చెట్టును ఒక్క చూపు చూసి, రెండు కొమ్మల్లో ఆకులు ఐదు కోట్లు, కాయలు రెండువేల తొంభై అయిదు అంటాడు. బాహుకుడు నమ్మడు. రథం ఆపేస్తాడు. పొద్దుపోతోంది, పద పద అని రాజు తొందరపెట్టినా వినడు. చెట్టు నరికి కాయలు లెక్కపెడతాడు. సరిగ్గా అన్నే ఉంటాయి. అప్పుడు తన అశ్వహృదయాన్ని రాజుకు ఇస్తానని చెప్పి, ఆయన దగ్గర అక్షహృదయం నేర్చుకుంటాడు. పాచికల గుట్టూ లెక్కపెట్టే విద్యా రెండూ ఒకటే అన్నమాట. ఆ విద్య అందిన క్షణంలోనే కలి నలుడి ఒంట్లోంచి, కర్కోటకుడి విషం కక్కుకుంటూ బయటికొచ్చి, ఆ తానిచెట్టులోకే దూరతాడు. సంభావ్యత శాస్త్రం పుట్టుక మీద 1975లో ఇయాన్ హ్యాకింగ్ రాసిన పుస్తకంలో కూడా ఈ ఘట్టం ప్రస్తావన ఉంది. రెండు కొమ్మలు చూసి చెట్టంతా అంచనా కట్టడమంటే మేం క్లాసులో చెప్పే శాంప్లింగే.

నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చేది కలి బయటికొచ్చిన సందర్భం. తపస్సు వల్ల రాలేదు, దానం వల్ల రాలేదు, ఏ దేవతా వచ్చి తరిమేయలేదు. ఒక మనిషి రథం ఆపి, కిందికి దిగి, కాయలు లెక్కపెట్టాడు. వచ్చాడు. అవకాశం ఎంతో తెలియని చోట కలి ఉంటాడు. తెలిసిన చోట ఉండలేడు. మా అక్కకు ఇది నచ్చలేదు. "లెక్క నేర్చుకున్నాక నలుడు జూదం మానేశాడా మరి?" అంది. మానలేదు, నిజమే. తిరిగి వెళ్లి పుష్కరుడితో మళ్లీ ఆడాడు. ఒక్క పందెంలో రాజ్యం గెలిచి, అక్కడితో ఆపి, పుష్కరుణ్ణి క్షమించి పంపాడు. లెక్క తెలిసినవాడు ఆడకూడదని కథ చెప్పదు. ఎప్పుడు ఆపాలో వాడికి తెలుస్తుందని చెబుతుంది. బృహదశ్వుడు కథ ముగించి ధర్మరాజుకు కూడా అక్షహృదయం ఉపదేశిస్తాడు. విరాటుడి కొలువులో కంకుభట్టుగా ధర్మరాజు పాచికలాడింది ఆ విద్యతోనే.

అక్క ఊరుకునే మనిషి కాదు. వాడిని పిలిచి "ఒకే శీర్షికను రెండుసార్లు తిప్పితే రెండుసార్లూ అదే సంఖ్య వస్తుందా?" అని అడిగింది. వస్తుంది అన్నాడు. "అయితే తిప్పకముందే అది ఖాయమైపోయినట్టేగా! మీరు చూడలేదు, అంతే. రాసిపెట్టి ఉంది అని నేనంటే నవ్వారు." చదువుకున్నవాళ్లు కూడా అంత సూటిగా పట్టుకోరు ఆ సంగతి. ఎస్‌హెచ్‌ఏ-256లో యాదృచ్ఛికం అన్నది లేనే లేదు. అంతా నియతమే. మనకు ముందుగా తెలియదు కాబట్టి మన లెక్కకు అది పాచిక. శ్వేతాశ్వతర ఉపనిషత్తు మొదట్లోనే జగత్తుకు కారణం కాలమా, స్వభావమా, నియతా, యదృచ్ఛా అని అడుగుతుంది. రెండు వేల ఏళ్లకు పైబడిన ఆ ప్రశ్నలో నియతీ యదృచ్ఛా వేరువేరు అభ్యర్థులు. ఈ బోర్డులో అవి రెండూ ఒకే మనిషి ముందూ వెనకా.

"మరి అందులో వీడి పేరు కూడా ఉందా?" అక్క రెండో ప్రశ్న. పేరు ఉండదు కానీ చిరునామా ఉంటుంది. గెలిస్తే సొమ్ము ఎక్కడికి పంపాలో చెప్పే చిరునామా ఆ లావాదేవీల సారంలో కలిసిపోయి శీర్షికలోకి వెళుతుంది. అందుకే ఏ ఇద్దరు మైనర్లూ ఒకే చోట వెతకరు. ఎవరి గని వాళ్లది. అక్క ముఖం వెలిగిపోయింది. అక్కడే నేను అడ్డం పడ్డాను. చిరునామా ఉంది, నిజమే. కానీ దానిలో ఒక్క అక్షరం మారితే ఫలితం మొత్తం తారుమారు అవుతుంది, ఏ వరసా లేకుండా. రుషి చిరునామా అయినా, దొంగ చిరునామా అయినా ఒకేలా చెదిరిపోతుంది. అలా చెదరగొట్టడానికే ఆ యంత్రాన్ని కట్టారు. దానికి మనిషి తగులుతాడు కానీ మనిషి యోగ్యత తగలదు. రాసిపెట్టి ఉండటం ఒకటి, అర్హతను బట్టి రాసిపెట్టి ఉండటం ఇంకొకటి. మన ఇళ్లలో ఈ రెండిటినీ ఒకటే చేసి మాట్లాడతాం.

నా తగువంతా అక్కడే ఉంది. 2022 జనవరిలో 126 టెరాహ్యాష్‌ల యంత్రశక్తితో ఒక ఒంటరి మైనర్‌కు బ్లాక్ తగిలింది. అప్పటి బహుమతి 6.25 బిట్‌కాయిన్లు. ఆ శక్తికి అప్పటి నెట్‌వర్క్‌లో సగటున పాతికేళ్ల పైమాటే పట్టాలి. కాన్ కొలివాస్ అని ఆస్ట్రేలియాలో ఒక మత్తు డాక్టరు, ఒంటరి మైనర్ల కోసం నడిపే సర్వర్ ద్వారా తగిలింది. ఆ వార్త చూపించి మావాడు "అతనికి వచ్చిందిగా!" అన్నాడు. అక్క "ఏ జన్మ పుణ్యమో" అంది. ఇద్దరి మాటా నాకు ఒకేలా వినిపించింది. లక్షమంది ఇళ్లలో ఇలాంటి బోర్డులు ఉన్నాయనుకోండి. లక్షను పదహారు వేలతో భాగించండి. ఏడాదికి సగటున ఆరుగురికి తగులుతుంది. ఎవరో కొందరికి తగలడం ఇంచుమించు ఖాయం. ఆ కొందరూ ఎవరన్నదానికి మాత్రం కారణం లేదు. ఆరుగురే అనుకుందాం. పత్రికలో ఆరు పేర్లు పడతాయి. మిగతా తొంభై తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై నలుగురికి పుణ్యం చాలలేదని అంటారా?

అంటారు. అదే నాకు భయం. గెలిచినవాడికి పుణ్యం రాసిచ్చే నోరే ఓడినవాడికి పాపం కూడా రాసిస్తుంది. మా కాలేజీలో ఒక సహోద్యోగి కొడుకు లారీ కింద పడి పోయాడు. పరామర్శకు వచ్చినవాళ్లు "ఏ జన్మ పాపమో తల్లీ" అన్నారు, ఓదార్పుగానే. ఆవిడ ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ పాపం ఏమిటా అని వెతుక్కుంది. తన జీవితం అంతా తవ్వుకుంది. దొరకని దాని కోసం ఒంటరిగా తవ్వడం అంటే నాకు అదే గుర్తొస్తుంది, బిట్‌కాయిన్ కాదు.

మన శాస్త్రాలు ఇంత కటువుగా లేవు. అదే అరణ్యపర్వంలో ద్రౌపది ధర్మరాజుతో వాదిస్తూ మనిషికి వచ్చే సొమ్మును విడదీసి చెబుతుంది. విధి వల్ల వచ్చేది దైవం, తన పని వల్ల వచ్చేది పౌరుషం. ఎవరి ప్రయత్నమూ లేకుండా అకస్మాత్తుగా చేతిలో పడేది హఠం. చిన్నప్పుడు నాన్న ఒళ్లో కూర్చుని, అన్నదమ్ములకు ఒక బ్రాహ్మణుడు పాఠం చెబుతుంటే విన్న నీతి అది అంటుంది. చివరికి ఆవిడ కూడా వీటన్నిటినీ పూర్వకర్మ ఖాతాలోనే వేసిందని అక్క వెంటనే అందుకుంది. వేసింది. కానీ వేయబోయే ముందు విడివిడిగా లెక్కపెట్టింది, ఋతుపర్ణుడిలాగా. సంయుక్త నికాయంలో సీవకుడనే పరివ్రాజకుడు, మనిషికి కలిగే సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ ఫలాలేనంటారు కొందరు, మీరేమంటారు అని బుద్ధుణ్ణి అడుగుతాడు. అలా అనేవాళ్లు లోకం కళ్లెదుట ఎరిగినదాన్ని కూడా దాటిపోతున్నారంటాడు ఆయన. పైత్యం, శ్లేష్మం, వాతం, ఋతువుల మార్పు, ఇలా ఎనిమిది కారణాలు చెప్పి, అందులో కర్మను ఎనిమిదోదిగా పెడతాడు. గీత పద్దెనిమిదో అధ్యాయంలో కూడా ఏ పని జరగడానికైనా కారణాలు అయిదు, దైవం అయిదోది మాత్రమే. పదో అధ్యాయంలో కృష్ణుడు మోసగాళ్లలో జూదం తానేనంటాడు. ఆ మాటను నేను పాచిక మీద దేవుడి సంతకం అని చదువుకుంటాను. సంతకం ఉందని, పాచిక ఎవరి పక్షమో చెప్పలేం.

అంతా ఈశ్వరేచ్ఛే కదా, యదృచ్ఛ మాత్రం ఆయనది కాదా అంటే కాదనను. అలా అంటే నాకు అభ్యంతరం లేదు కూడా. కాకపోతే ఆ మాట అన్నవాళ్లు ఇక ఎవరి యోగ్యతనూ ఆ ఇచ్ఛలోంచి చదవకూడదు. అన్నిటికీ సరిపోయే జవాబు ఫలానా మనిషి గురించి ఏమీ చెప్పదు. "ఊరికే తగిలింది" అనడానికి నాస్తికుడు కావాల్సిన పని లేదు. దేవుడి మనసు నాకు తెలుసు అని అనుకోకపోతే చాలు.

మావాడు బోర్డు తీసేయలేదు, నేను తీసేయమననూ లేదు. నెలకు 13 యూనిట్లు, వంద రూపాయల పైచిలుకు. సినిమా టిక్కెట్టు కంటే తక్కువే. దాన్ని పెట్టుబడి అంటే ఒప్పుకోను, సాధన అంటే అసలు ఒప్పుకోను. సరదా అంటే సరే. మీ ఇంట్లోనూ ఇలాంటి బోర్డు ఉంటే ముందు మీ కరెంటు స్లాబు చూసి, ఈ పూట నెట్‌వర్క్ వేగం చూసి, భాగించి, వచ్చిన అంకెను ఒక కాగితం మీద రాసి బోర్డు పక్కన అంటించండి. ఎప్పుడైనా తగిలితే పన్ను కట్టండి, పూజ చేయించుకోండి, పదిమందికి భోజనం పెట్టండి. పక్కింటివాళ్లకు ఎందుకు తగల్లేదో మాత్రం చెప్పబోకండి.